జాలిగుండె చాలునా?

ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజులలో మన తిరువొత్తియూరు తెలుగు ఇండ్లలో తప్పక వినవచ్చే చర్చ ఒకటి వున్నది. అమ్మాయి నర్సింగు చదువుతానంటుంది. తల్లి సరేనంటుంది. తండ్రి నసుగుతాడు. ఇంట్లో పెద్దావిడ మాత్రం, "ఆ పనికి జాలిగుండె వుండాలే తల్లీ! నువ్వు జీతం చూసి పోతున్నావు గాని, సేవ చేద్దామని కాదు" అని ఒక్కమాటతో తేల్చివేస్తుంది. మన సంఘ సభ్యులలో ఇద్దరు ఈ విషయమే వ్రాయమని కోరినారు. కనుక ఈ నెల మన ముచ్చట దీని మీదనే.

జీతం కోసం పోయేవారికి జాలి వుండదా? జాలి వుంటే చాలునా? ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా చూడవలసి వున్నది.

నేను మెట్రిక్యులేషను ప్యాసై గుమాస్తాగా చేరిన నాడు, "నీకు దస్త్రాల మీద ప్రేమ వున్నదా?" అని నన్ను యెవరూ అడగలేదు. లెక్క తప్పకుండా వ్రాస్తాడా, వేళకు వస్తాడా అని మాత్రమే చూచినారు. ఎన్‌ఫీల్డు ఫ్యాక్టరీలో చేరిన మన కుర్రవాళ్లను, మోటారు సైకిళ్ల మీద భక్తి వున్నదా అని యెవరైనా అడిగినారా? సంసారం గడవడానికి ఉద్యోగం, ఉద్యోగంలో చేరిన తరువాత పనితనం. ఇది అందరికీ తెలిసిన న్యాయమే. ఒక్క నర్సు జీతం మాట యెత్తితే మాత్రం మనము ముఖం చిట్లిస్తాము.

అసలు మన ఆడవాళ్లు ఈ వృత్తిలోనికి యెట్లా వచ్చినారో కొంచెం చూడండి. మన చెన్నపట్నం జనరలు ఆసుపత్రిలో 1871లో శిక్షణ మొదలయినప్పుడు చేరినవారు నలుగురే. పరాయివాళ్ల ఒంటిని ముట్టుకోవడం, మలమూత్రాలు యెత్తడం, రాత్రి డ్యూటీ, ఈ మూడింటికీ జడిసి "మర్యాదస్థులు" తమ పిల్లలను పంపలేదు. చాలాకాలం ఆ భారమంతా ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల స్త్రీలే మోసినారు. 1946లో భోర్ కమిటీవారు లెక్క చూస్తే, దేశంలో సుమారు 43,000 మందికి ఒక నర్సు తేలింది. మన దేశంలో జాలిగుండెలకు కరువు వచ్చి అట్లా జరగలేదు. గడప దాటనివ్వక జరిగింది.

ఆ గడప దాటించినవారిలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారొకరు. 1937లో చెన్నపట్నంలో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేయించినారు. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా 1958లో అటువంటి స్త్రీలకే తక్కువ కాలంలో ముగిసే చదువులను దేశమంతటా పెట్టించినారు. ఆ చదువుతో పంతులమ్మలూ, నర్సులూ కావచ్చును. అక్కడికి వచ్చినవారిలో భర్త పోయినవారు, భర్త వదలివేసినవారు యెందరో. వారిని తీసుకువచ్చింది అవసరం. అవసరంతో వచ్చిన మనిషి మంచి నర్సు కాలేదని యెవరు చెప్పగలరు?

ఇక రెండవ ప్రశ్న. మా నాన్నగారు జబ్బుపడి ఒక ఆసుపత్రిలో పద్నాలుగు రోజులున్నారు. ఆ వార్డులో ఒక నర్సమ్మ వున్నది. "తాతయ్యా, యెట్లా వున్నావు?" అని నవ్వుతూ పలకరించేది. వార్డంతా ఆమెను మెచ్చుకొనేది. సెలైను సూది జారి నాన్నగారి చేయి వాచివుంటే మాత్రం ఆమె చూడలేదు. రాత్రి డ్యూటీకి వచ్చే రెండవ ఆమెకు మాట తక్కువ. ముఖం కూడ గంటుపెట్టుకొన్నట్లే వుండేది. ఆమె వచ్చీరాగానే చేతులు కడుక్కొని, దుప్పటి తీసి, సూది వున్నచోటు వ్రేలితో తడిమి చూచి, నోరు విప్పకుండానే సూది మార్చింది. రెండు గంటలకొకసారి ఆయనను ప్రక్కకు ఒత్తిగిలజేసి, వీపు మీద ఎరుపు వున్నదేమో టార్చిలైటు వేసి చూచేది. ఈ ఇద్దరిలో యెవరిది దయ?

తీయని మాట చెడ్డదని నేననను. రోగికి అదీ మందే. కాని మాట ఒక్కటే దయ కాదు. చేయి వాచిందని కనిపెట్టడం, మందు సీసా మీది పేరును మరొకసారి చదవడం, కొలత తప్పకుండా ఎక్కించడం, ఇవన్నీ దయ పనిచేసే తీరులు. ఫ్లారెన్సు నైటింగేలు అనగానే మనకు దీపం పట్టుకొన్న అమ్మ బొమ్మ కళ్లముందు కదులుతుంది. ఆమె చేతిలో దీపం ఒక్కటే కాదు, లెక్కల కాగితం కూడ వుండేది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటె అంటురోగాలతోనే యెక్కువగా చస్తున్నారని అంకెలతోను, పటాలతోను నిరూపించి దొరల కళ్లు తెరిపించింది. ఇంగ్లండు గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

దీనికి మన దేశంలోనే ఒక గొప్ప తార్కాణం వున్నది. బొంబాయి కె.ఇ.యం. ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు 1973లో ఒక దుర్మార్గుడి దాడికి గురియై, మెదడు దెబ్బతిని, మంచం పట్టింది. 2015లో కన్నుమూసేదాకా, 42 యేండ్లు, ఆ ఆసుపత్రి నర్సులే ఆమెకు అన్నీ చేసినారు. 2011లో ఆమె విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్లినప్పుడు, అన్నేండ్లు మంచం మీద వున్నా ఒంటి మీద ఒక్క మంచం పుండు కూడ పడలేదని వెల్లడయింది. ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లను చూచినవారికి, ఆ మాట విలువ యేమిటో నేను చెప్పనక్కరలేదు. తరువాత తరువాత వచ్చిన నర్సులు అరుణ నడిచి తిరుగుతుండగా చూచి యెరుగరు. అందరూ నెలజీతానికి పనిచేసేవారే. పగలూ రాత్రీ, వంతులవారీగా, ఒకరి తరువాత ఒకరు ఒత్తిగిలజేయడం మానలేదు. జీతమూ దయా ఒకే చేతిలో ఇమడవని యెవరంటారు?

అయితే ఆ చేతికి కూడ అలుపు వుంటుంది. ఒకరు చూడవలసిన మంచాల సంఖ్యను రెట్టింపు చేసి, సెలవులు లేకుండా రాత్రి డ్యూటీలు వేస్తే, యెంతటి జాలిగుండె అయినా బండబారుతుంది. మన రాష్ట్రంలోనే 2015లో పోటీ పరీక్ష వ్రాసి గెలిచిన వేలమంది నర్సులను నెలకు 7,700 రూపాయల కాంట్రాక్టు మీద తీసుకొన్నారు. 2017 నవంబరులో వారు తేనాంపేటలో బైఠాయించి, ఖాయం చేయుమని అడిగినప్పుడు, "నర్సులు సమ్మె చేయవచ్చునా?" అన్నవారున్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదు గదా! 2020 మార్చిలో మనమంతా వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టినాము. ఆ రోజులలోనే ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయికి అంటురోగం వుంటుందని అద్దెయిల్లు ఖాళీ చేయుమన్న ఇంటివారూ వున్నారు. సేవ అనే పెద్దమాటతో తక్కువ జీతాన్ని కప్పిపుచ్చడం సేవకు గౌరవం కాదు.

కనుక సోదరీ సోదరులకు నా మనవి యిది. అమ్మాయి గాని, అబ్బాయి గాని, నర్సింగు చదువుతానంటే, జాలి వున్నదా అని అడగకండి. పదిహేడేండ్ల పిల్లకు ఆ సంగతి యెట్లా తెలుస్తుంది? చీము, నెత్తురు చూచి మొదట కడుపులో తిప్పినా మరునాడు మళ్లీ వెళ్తావా అని అడగండి. యెవరూ చూడని రాత్రి మూడు గంటలప్పుడు కూడ చేతులు కడుక్కొంటావా, పొరపాటు జరిగితే దాచకుండా పైవారికి చెప్తావా అని అడగండి. ఔనంటే, పంపండి. డిగ్రీకి నాలుగేండ్లు, డిప్లొమాకు మూడేండ్లు పడుతుంది. డబ్బు కట్టేముందు ఆ కళాశాలకు నర్సింగు కౌన్సిలు గుర్తింపు వున్నదో లేదో, పిల్లలు పని నేర్చుకొనడానికి నిజంగా రోగులు వచ్చే ఆసుపత్రి వున్నదో లేదో స్వయంగా వెళ్లి చూడండి. రోగి లేనిచోట చేతికి నేర్పు రాదు.

ఆ పిల్ల రేపు ఉద్యోగంలో చేరి, తెల్లవారి డ్యూటీ దిగి ఇంటికి వస్తే, పగలు నిద్రపోనివ్వండి. "ఆడపిల్ల పట్టపగలు పడుకొన్నదేమిటి?" అని యెవరైనా అంటే, సమాధానం మీరే చెప్పండి.