గొంతు మనది, ఖాతా ఎవరిది?

“నీకు ఏది సరదానో దాన్నే బతుకుతెరువు చేసుకో. ఛానెల్ పెట్టు. వీడియోలు తియ్యి. లక్షలు నీ కాళ్ల దగ్గరికి వస్తాయి.” కొన్నేళ్లుగా ఈ బోధ మన పిల్లల చెవుల్లో జోరీగలాగా మోగుతోంది. ఫోను తెరిస్తే ఇదే. కాలేజీలో సభ పెడితే ఇదే. కొందరు బోధకులు అక్కడితో కూడా ఆగటం లేదు. “డిగ్రీ ఎందుకు, ఉద్యోగ పరీక్షలు ఎందుకు, నీ హాబీని నమ్ముకో” అంటన్నారు. రెండో పక్కన ఊళ్లో ఇంకో రకం పెద్దమనుషులున్నారు. మన పిల్ల చేలో నిలబడి ఫోను ముందు పాట పాడితే “వీళ్లకి ఫోన్లు వచ్చినయ్యి, ఇంక పనికి పిలిస్తే ఏం వస్తారు” అని మూతి విరుస్తారు.

ఈ ఇద్దరికీ సమాధానం చెప్పాలి. మన పిల్లలకు అంతకంటే ముందు చెప్పాలి.

అసలు హాబీ అంటే ఏందయ్యా? కడుపు నిండినవాడు సాయంత్రం పూట పొద్దుపోక చేసే పని. మన వాడల్లో అలాంటి సాయంత్రాలు ఎవరికున్నాయి? తెల్లారకముందే క్యారేజీ కట్టుకుని, పదిహేను మందిని కుక్కిన ఆటోలో మిరపకోతకు పోయే ఆడమనిషి పాట పాడితే అది హాబీ కాదు. నడుం నొప్పి మర్చిపోయేటందుకు పాడుద్ది. ఆ పాట ఊపుకు చెయ్యి తొందరగా ఆడుద్ది, ఆసామికి ఇంకో గోతం ఎక్కువ నిండుద్ది. కాయకు కూలి ఇచ్చారు గానీ పాటకు ఎప్పుడన్నా ఇచ్చారా? డప్పు సంగతీ అంతే. పెళ్లికి కొట్టు, చావుకు కొట్టు, జాతరకు కొట్టు, ఊరి చాటింపుకు కొట్టు అన్నారు. కొట్టినాక నాలుగు గింజలు కొంగులో పోసి, దూరంగా నిలబడమన్నారు. మన కళను వాళ్లు వెట్టిగా వాడుకున్నారు. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. కళలో వెట్టి మాత్రం నిన్నమొన్నటిదాకా నడిచింది.

ఇప్పుడు అదే వెట్టి ఫోను పట్టుకుని వస్తోంది. కాయకోతల కాలంలో చేలగట్టు మీదికి మోటారుసైకిల్ వేసుకుని కెమెరా కుర్రాడొకడు దిగుతాడు. “అక్కా, ఒక పాట పాడండి, టీవీలో వస్తారు” అంటాడు. మనవాళ్లు పాడతారు. వాడు టీ తాగించి పోతాడు. ఆ పాటను లక్షల మంది చూస్తారు, ప్రకటనలు పడతాయి, డబ్బులు వాడి ఖాతాలో పడతాయి. పాడిన అక్క పేరు కూడా కింద ఉండదు. “పల్లెటూరి ఆణిముత్యం” అని రాసి చేతులు దులుపుకుంటాడు. ముత్యానికి పేరు లేదు, ఊరు లేదు, వాటా అసలే లేదు.

అయితే ఈ పనిలో అన్నం లేదా? ఉంది. ఉందని చూపించినవాళ్లు మన కూలీల్లోనే ఉన్నారు.

మన గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో కర్రె మస్తానమ్మ అనే ముసలవ్వ ఉండేది. చిన్నప్పుడే పెళ్లి. ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. కూలి చేసి పిల్లల్ని సాకింది. నూరేళ్లు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద ఆమె చేసే వంటను 2016లో మునిమనవడు లక్ష్మణ్, అతని మిత్రుడు కలిసి ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్లో పెట్టారు. పుచ్చకాయలో కోడికూర వండిన ఆ అవ్వను దేశదేశాల వాళ్లు చూశారు. 2018 డిసెంబరులో ఆమె చనిపోయేనాటికి ఆ ఛానెల్‌కు పది లక్షల పైన చందాదారులున్నారు. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మిల్కూరి గంగవ్వ బీడీలు చుట్టింది, కూలికి పోయింది. 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’లోకి తరవాత వచ్చి, సినిమాల్లో నటించి, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. డైలాగులు చదువుకునేటందుకు ఆ వయసులో అక్షరాలు నేర్చుకుంది.

ఈ ఇద్దరి కథలూ బోధకులు చెప్తారు. ఒక సంగతి మాత్రం దాటేస్తారు. మస్తానమ్మ ఒక్కతే చెయ్యలేదు, గంగవ్వ ఒక్కతే చెయ్యలేదు. వాళ్ల వెనక కెమెరా తెలిసిన పిల్లలున్నారు, కత్తిరించి అతికించే పని నేర్చిన పిల్లలున్నారు, లెక్క చూసే పిల్లలున్నారు. అవ్వ ఇంట్లో కుర్రాడి చేతికి కెమెరా వచ్చింది కాబట్టి అవ్వ గొంతు ఇంటిది ఇంట్లోనే ఉంది. అదే కెమెరా బయటివాడి చేతిలో ఉంటే? చేలగట్టు మీద టీ తాగించి పోయిన కథే.

ఇంకో సంగతి. గంగవ్వ ఒక్కతే కనపడుద్ది. ఛానెల్ పెట్టి ఏడాది తిరక్కుండా ఫోను పగలగొట్టుకున్న వేల మంది కనపడరు. మన పల్నాటి పత్తి చేలల్లో ఈ పాఠం మనం ఇంతకుముందే చదివాం. ఒక ఆసామికి పత్తి పండి మేడ లేచిందంటే ఊరంతా కంది పీకి, జొన్న పీకి పత్తి వేసింది. తెల్లబంగారం అన్నారు. 1987-88లో తెల్లదోమ పడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. పంట పండినా ఎండినా విత్తనాల కొట్టువాడికి మాత్రం డబ్బు ముందే ముట్టింది. ఇవాళ “యూట్యూబులో లక్షలు సంపాదించడం ఎలా” అని కోర్సు అమ్మేవాడు ఆ కొట్టువాడే. వాడి సంపాదన మీ వీడియో మీద రాదు, మీ ఫీజు మీద వస్తుంది.

టిక్‌టాక్ సంగతి గుర్తుందా? గూడేల్లో, లంబాడీ తండాల్లో, పట్నం మురికివాడల్లో ఎంతమంది పిల్లలు అందులో పేరు తెచ్చుకున్నారు! 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో అదీ పోయింది. పెంచుకున్న జనం, తీసిన వీడియోలు, వస్తున్న నాలుగు రూపాయలు రాత్రికి రాత్రి పోయినయ్యి. చైనాతో తగాదా ఎవరిది, పంట పోయింది ఎవరిది?

ఇప్పుడు యూట్యూబు లెక్క చూద్దాం. గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు ఇది తొందరగానే అర్థమవుద్ది. యార్డులో కాయ మనది, కాటా వాళ్లది, ధర వాళ్లది. ఇక్కడా అంతే. ప్రకటనల డబ్బులో పూర్తి వాటా కావాలంటే ముందు వెయ్యి మంది చందాదారులు ఉండాలి, ఏడాదిలో జనం మన వీడియోలను 4,000 గంటలు చూసి ఉండాలి. లేదా పొట్టి వీడియోలకు 90 రోజుల్లో కోటి వీక్షణలు రావాలి. అది దాటినాక పెద్ద వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయం నూటికి 45 కంపెనీది, 55 మనది. పొట్టి వీడియోలకైతే మన పేరున లెక్కగట్టిన దాంట్లో 45 మాత్రమే మనది. వంద డాలర్లు నిండితే తప్ప బ్యాంకులో పడవు. ఏ వీడియోను జనం ముందుకు తోస్తారో, దేన్ని తొక్కిపెడతారో చెప్పరు. తాలు కాయ అని పక్కన పడేస్తే ఎందుకని అడిగే దిక్కు లేదు.

సినిమా పాట పెట్టి డాన్సు చేస్తే ఆ వీడియో ఆదాయం ఆడియో కంపెనీ గుంజుకోవచ్చు. 90 రోజుల్లో మూడు కాపీరైటు దెబ్బలు తగిలితే ఛానెలే మూసేస్తారు. కంపెనీవాళ్ల పాటకు ఇంత కాపలా ఉంది. మరి మన పాటకు కాపలా ఎవరు?

చట్టం ఉంది, తెలుసుకోండి. 1957 కాపీరైటు చట్టం 38వ సెక్షను ప్రకారం పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు, వాయించేవాళ్లకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్లు హక్కు ఉంటుంది. 2012 సవరణలో 38ఎ సెక్షను చేర్చి దాన్ని ఇంకా గట్టిపరిచారు. సినిమాలో కలుపుకోమని మనం రాసిచ్చినా, వ్యాపారానికి వాడితే రాయల్టీ అడగొచ్చు. డప్పు కొట్టినవాడికీ ఇది వర్తిస్తుంది, కాయకోతలో పాడిన అక్కకూ వర్తిస్తుంది. చదవకుండా ఎవడో తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు.

ఇక్కడ ఇంకో ముల్లుంది. మన బతుకులో ఏది ఎక్కువమంది చూస్తారు? మన యాసను వెక్కిరిస్తే చూస్తారు. మన ఆకలిని కామెడీ చేస్తే చూస్తారు. మన ఆడపిల్లను తాగుబోతు మొగుడితో తన్నించి నవ్విస్తే చూస్తారు. వీక్షణలు వస్తున్నాయని మనల్ని మనమే గేలి చేసుకుంటే దాన్ని సంపాదన అనొచ్చా? మా చేతిలో చదువుకున్న పిల్లలకు మేం చెప్పేది ఒకటే. నవ్వించు, కాని ఎవరిని చూసి నవ్వుతున్నారో ముందు చూసుకో.

ఆడపిల్ల ఛానెల్ పెడితే కింద కులం పేరు పెట్టి తిట్టే కుక్కలుంటాయి. భయపడి మూసెయ్యొద్దు. ఆ రాతను ఫొటో తీసి, తేదీతో, లింకుతో దాచిపెట్టండి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఫోనులో కూడా పనిచేస్తుంది. యూట్యూబు వీడియోలో ఒక గిరిజన మహిళను అవమానించిన కేసులో, ఇంటర్నెట్లో పెట్టిందీ ప్రజల కళ్లెదుట జరిగినట్టేనని 2022లో కేరళ హైకోర్టు తేల్చింది.

“మాకు మీడియా ఎందుకు, కూలి చాలు” అనేవాళ్లూ మనలో ఉన్నారు. వాళ్లు బాబాసాహెబ్‌ను చూడాలి. 1920 జనవరి 31న ఆయన ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టాడు. దాని ప్రకటన డబ్బులిచ్చి వేసుకుంటామన్నా తిలక్ స్థాపించిన ‘కేసరి’ వెయ్యలేదు. మన గొంతుకు వాళ్ల పత్రికలో డబ్బిచ్చినా చోటు లేదు కాబట్టే సొంత పత్రిక పుట్టింది. 2011లో హైదరాబాదులో మొదలైన ‘దళిత్ కెమెరా’, 2021లో మీనా కొత్వాల్ ఢిల్లీలో పెట్టిన ‘ద మూక్‌నాయక్’ ఆ దారిలోవే. మనకు కెమెరా కావాలి. కారంచేడు మీద, చుండూరు మీద ఎవరు ఎట్లా రాశారో చూసినవాళ్లకు కెమెరా ఎందుకని అడిగే పని లేదు.

కాని ఒక్కటి గమనించండి. మూక్‌నాయక్ పెట్టేనాటికి అంబేద్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్. అన్నం ఉద్యోగం పెట్టింది, గొంతు పత్రిక ఇచ్చింది. ఆ ఏడే చదువు పూర్తి చేసేటందుకు మళ్లీ లండన్ పోయాడు. పత్రిక పెట్టానని చదువు వదల్లేదు. మన ఇళ్లలో మొదటి డిగ్రీ పట్టా ఎన్ని కూలి రోజులతో వచ్చిందో మనకు తెలుసు. ఆ పట్టాను, రిజర్వేషనును, పరీక్షలను వదిలెయ్యమని చెప్పేవాడి పిల్లలు ఏ కాలేజీలో చదువుతున్నారో ఒకసారి అడగండి.

కాబట్టి మేం చెప్పేది ఇది.

ఒకటి. ఛానెల్ ఎవరి గొంతు మీద నడుస్తుందో వాళ్ల పేరు మీదే ఖాతా ఉండాలి. మెయిలు, పాస్‌వర్డు, ఫోను నంబరు, బ్యాంకు పుస్తకం వాళ్లవే కావాలి. ఇతరుల ఖాతాలో వీడియో పెట్టడమంటే కాగితం లేని కౌలు. ఆసామి ఏ రోజైనా దిగిపొమ్మంటాడు.

రెండు. చేలగట్టు మీదికి కెమెరా వస్తే పాటకంటే ముందు మాట జరగాలి. పేరు వెయ్యాలి, వాటా రాయాలి, ఆ కాగితం ఒకటి మన దగ్గర ఉండాలి. కాదంటే పాట లేదు. కాయకు కూలి ముందే మాట్లాడుకుంటాం గదా!

మూడు. ఒక్కొక్కరు విడిగా ఫోను కొని అప్పుల్లో పడొద్దు. అంబేద్కర్ భవనంలో పదిమంది కలిసి ఒక కెమెరా, ఒక మైకు పెట్టుకోండి. ఒకరు తీయండి, ఒకరు కత్తిరించండి, ఒకరు లెక్క రాయండి. పాడిన అవ్వకు ముందు వాటా ఇచ్చి తరవాత మీరు పంచుకోండి. తీసినవన్నీ సొంత డిస్కులో దాచండి, ఏ కంపెనీ మూసేసినా పాట పోకూడదు.

నాలుగు. ఛానెల్ మీద నెలకూలీకి సమానమైన డబ్బు ఏడాది పాటు ఆగకుండా వచ్చేదాకా చదువు మానొద్దు, పని మానొద్దు.

అయిదు. ఎస్సీ కార్పొరేషన్ ఆటోకు అప్పిచ్చినట్టే కెమెరాకూ, కంప్యూటరుకూ ఇవ్వాలి. సంక్షేమ హాస్టళ్లలో ఈ పని నేర్పాలి. ఈ కోరికతో ప్రతి మండలంలో అర్జీలు పెడదాం.

తాతలు డప్పు కొట్టి గింజల కోసం దూరంగా నిలబడ్డారు. మనవలు అదే డప్పు కెమెరా ముందు కొట్టి వీక్షణల కోసం దూరంగా నిలబడితే ఏం మారినట్టు? ఈ పక్షంలోనే మీ వాడలో ఒక సాయంత్రం కూర్చోండి. మన పాటలు ఏయే ఛానెళ్లలో ఉన్నాయో, ఎవరి పేరున ఉన్నాయో వెతికి రాయండి. ఆ జాబితా మాకు పంపండి. వచ్చే సంచికలో వేద్దాం. లెక్క అక్కడినుంచి అడుగుదాం.

జై భీమ్.