సమీకరణానికీ సీసాకూ నడుమ

మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడును సుమారు 10 నానోమీటర్ల రేణువులుగా చేసి, ఓలియిక్ ఆమ్లం వంటి పదార్థంతో పూతపెట్టి నూనెలో కలిపితే, ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా, అడుగుకు దిగకుండా నిలుస్తాయి; అయస్కాంతం చూపితే ద్రవమంతా అటే సాగుతుంది. ఫెర్రోఫ్లూయిడ్ అంటే ఇదే. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ దీన్ని తయారుచేసింది భారరహిత స్థితిలో రాకెట్ ఇంధనాన్ని పంపు దగ్గరికి రప్పించడానికి. అది స్థిరపడింది మాత్రం తిరిగే ఇరుసు చుట్టూ గాలి చొరబడనివ్వని సీలుగానూ, లౌడ్‌స్పీకర్ తీగచుట్ట వేడిని బయటికి చేర్చే మాధ్యమంగానూ.

బెంగళూరులో ఈ ద్రవానికి గణితం వైపు నుంచి గట్టి ఆదరణ దక్కింది. సెంట్రల్ కాలేజీ ప్రాంగణంలో, బెంగళూరు విశ్వవిద్యాలయ గణితశాఖలో ఎన్. రుద్రయ్య పెంచిన ద్రవగతిశాస్త్ర పరంపర ఫెర్రో సంవహనాన్ని, అంటే అయస్కాంత క్షేత్రంలో వేడివల్ల ద్రవం తనంతట తాను కదలడాన్ని, లోతుగా పరిశీలించింది. 1970లో ఫిన్లేసన్ చూపిన సూత్రం దీనికి పునాది: వేడెక్కిన ద్రవంలో అయస్కాంతత్వం తగ్గుతుంది కనుక, చల్లని భాగాన్ని క్షేత్రం ఎక్కువ బలంతో లాగుతుంది, అది వచ్చి వేడి భాగాన్ని పక్కకు నెడుతుంది, ఈ వరుస ఆగదు; గురుత్వం లేనిచోట కూడా ద్రవం తిరుగుతుంది కాబట్టి పంపు అక్కర్లేని శీతలీకరణకు దారి దొరుకుతుంది. అడుగు నుంచి పైదాకా వేడి ఒకే తీరున మారకపోతే, పైతలంలో తలతన్యత కూడా తోడైతే ఈ కదలిక ఎప్పుడు మొదలవుతుందో శివకుమార, రుద్రయ్య, నంజుండప్ప 2002లో లెక్కగట్టారు.

అయితే సమీకరణంలోని ద్రవం ఎన్నటికీ పాడవదు. సీసాలోని ద్రవానికి ఆ భాగ్యం లేదు: పూత వదిలిన రేణువులు గుమిగూడతాయి, నూనె మెల్లగా ఆవిరవుతుంది, సీలు ఆయుష్షును ఆ ఆవిరే నిర్ణయిస్తుంది. ఈ ద్రవాల ఇంజనీరు జీవితంలో అధికభాగం ఇలాంటి అనాకర్షకమైన నిరీక్షణకే పోతుంది. మూడేళ్ల ప్రాజెక్టునూ వ్యాసాల సంఖ్యనూ కొలవడం తెలుసు గానీ, ఈ నిరీక్షణను కొలిచే పద్ధతి మన పరిశోధన నిధుల వ్యవస్థకు ఇంకా అలవడలేదు. ఆ నిరీక్షణ ఎంత సాగగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ: ఫెర్రోఫ్లూయిడ్‌కు దాయాది అయిన మాగ్నెటోరియాలజికల్ ద్రవం, అంటే మైక్రోమీటర్ల ఇనుప రేణువులతో ఉండి క్షేత్రం తగలగానే మిల్లీసెకన్లలో ముద్దలా బిగిసేది, 1948లో జాకబ్ రాబినో చేతిలో పుట్టి, 2002లో గానీ క్యాడిలాక్ కారు షాక్ అబ్జార్బర్లలోకి చేరలేదు.

బెంగళూరులో సమీకరణం తెలిసిన గణితవేత్తలూ, పదార్థం తెలిసిన భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) ప్రయోగశాలలూ, యంత్రం తెలిసిన కేంద్రీయ తయారీ సాంకేతిక సంస్థా ఒకే ఊళ్లో ఉన్నాయి. ట్రాఫిక్‌ను లెక్కలోంచి తీసేస్తే వాటి మధ్య దూరం స్వల్పమే. ఒకే ద్రవపు సీసా ఈ ముగ్గురి చేతుల మీదుగా పదేళ్లపాటు తిరగడానికి వీలిచ్చే పథకం ఒక్కటైనా ముందుగా రావాలి.