దెయ్యాల వేటకు ఎందుకెళ్తారు?

1937 మే నెల. లండన్ 'టైమ్స్' పత్రికలో ఓ చిత్రమైన ప్రకటన వచ్చింది. దెయ్యాల కొంపగా పేరుపడ్డ ఓ ఇంట్లో కాపలా ఉండి, అక్కడ ఏం జరిగిందో రాసిపెట్టేవాళ్లు కావాలట. తీరిక ఉండాలి, తెలివి ఉండాలి, ధైర్యం ఉండాలి. ముందే ఓ అభిప్రాయానికి వచ్చేసినవాళ్లు మాత్రం వద్దు. జీతం మాటే లేదు!

అయినా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ప్రకటన ఇచ్చిన హ్యారీ ప్రైస్ వాళ్లలోంచి 48 మందిని ఎంచుకున్నాడు. చాలామంది విద్యార్థులే. ఆ ఇంటి పేరు బోర్లీ రెక్టరీ. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో ఓ చర్చి ఫాదర్ కోసం కట్టిన పెద్ద బంగళా. ప్రైస్ దాన్ని ఏడాదిపాటు అద్దెకు తీసుకున్నాడు. కాపలాకి వచ్చినవాళ్ల చేతికి ఓ చిన్న పుస్తకం కూడా ఇచ్చాడు. ఎలా గమనించాలో అందులో ఉంది. దాంతోపాటు అంతకుముందు అక్కడ ఎవరికి ఏమేం కనిపించాయో కూడా ఉంది! ఫలానా చోట ఫలానాది కనిపిస్తుందని ముందే చెప్పి చీకట్లో కూర్చోబెడితే, ఎలుక కదిలినా గుండె ఝల్లుమనదూ? అంత చేసినా చాలామందికి చెప్పుకోదగ్గది ఏమీ కనిపించలేదు.

ఇంతకీ వాళ్లంతా ఎందుకు వెళ్లినట్టు? డబ్బు లేదు, పేరు లేదు, నిద్ర కూడా లేదు.

ఇవాళ్టికీ వెళ్తూనే ఉన్నారు. 2004లో అమెరికాలో మొదలైన 'ఘోస్ట్ హంటర్స్' టీవీ కార్యక్రమంలో హీరోలిద్దరూ ప్లంబర్లే. పగలు పైపులు బాగుచేసి, రాత్రి దెయ్యాల సంగతి చూసేవారు. మన దేశంలో 2009లో ఇండియన్ పారానార్మల్ సొసైటీని స్థాపించిన గౌరవ్ తివారీ పైలట్ శిక్షణ కోసం అమెరికా వెళ్లిన కుర్రాడు. వీళ్లెవరూ మంత్రగాళ్లు కారు. మన పక్కింట్లో ఉండేలాంటి మనుషులే.

వెళ్లేవాళ్లలో కొందరిది ఉత్త సరదా. నలుగురు స్నేహితులు, రెండు టార్చిలైట్లు, ఓ రికార్డరు, ఫ్లాస్కులో టీ. మీటరు ముల్లు కదిలితే కేక, కదలకపోతే కబుర్లు. ఆ మీటరు అసలు కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది. గోడలో వైరున్నా, జేబులో సెల్‌ఫోనున్నా కదులుతుంది. ఆ సంగతి చెబితే మాత్రం సరదా పోతుంది!

ఇంకొందరి కథ వేరు. ఎప్పుడో ఓ రాత్రి వాళ్లకు ఏదో జరిగి ఉంటుంది. మెలకువ వచ్చింది. కాలూ చెయ్యీ కదలడం లేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. అరుద్దామంటే గొంతు పెగలదు. డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలొచ్చే సమయంలో మనం లేచి పరిగెత్తకుండా మెదడు ఒంటిని కదలనివ్వదు. ఒక్కోసారి మెలకువ వచ్చేసినా ఆ పట్టు కాసేపు వదలదు. అంతే. కానీ తెల్లారాక ఈ మాట చెప్పేదెవరు? ఇంట్లో సగంమంది నవ్వుతారు. మిగతా సగం తాయెత్తు కడతారు. నీకేం జరిగిందో చెప్పమని కూర్చోబెట్టి అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. అలా జవాబు దొరకని మనిషి పెద్దయ్యాక తానే వెతకడానికి బయల్దేరతాడు.

మూడో రకం మనుషుల్ని తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. వాళ్లు దెయ్యాన్ని వెతకరు. పోయిన తమ మనిషిని వెతుక్కుంటారు.

షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్‌కి ఆత్మల మీద ఆసక్తి ముందునుంచీ ఉంది. 1918లో కొడుకు కింగ్స్‌లీ చనిపోయాక అదే ఆయన జీవితమైపోయింది. ఆయన స్నేహితుడు, ఇంద్రజాలికుడు హౌడినీది కూడా అలాంటి బాధే. 1913లో తల్లి పోయింది. ఒక్కసారి ఆమెతో మాట్లాడగలిగితే చాలనుకున్నాడు. 1922లో డాయిల్ భార్య ఆవిడ ఆత్మను రప్పించానంటూ పేజీలకు పేజీలు రాసిచ్చింది. అంతా ఇంగ్లిషులో. పైన శిలువ గుర్తు! హౌడినీ తల్లికి ఇంగ్లిషు సరిగా రాదు. పైగా ఆమె యూదు పురోహితుడి భార్య. స్నేహం చెడింది. దుఃఖంలో ఉన్నవాళ్లను మోసం చేసేవాళ్ల గుట్టు విప్పడమే హౌడినీకి పనైంది. తమాషా ఏమిటంటే, 1926లో ఆయన పోయాక భార్య బెస్ పదేళ్లపాటు ఆయన పిలుపు కోసం ఎదురుచూసింది. రాలేదు. 1936లో ఇక చాలనుకుంది.

ఇద్దరిదీ ఒకే బాధ. ఒకరు కావలసిన జవాబునే విన్నారు. ఇంకొకరు వచ్చిన జవాబును పరీక్షించారు. దెయ్యాల వేటలో అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇంగ్లండులో విక్ టాండీ అని ఓ ఇంజినీరు ఉండేవారు. ల్యాబ్‌లో ఒంటరిగా పనిచేస్తుంటే ఒళ్లంతా చల్లబడింది. కంటిచివర బూడిదరంగు ఆకారం! తిరిగి చూస్తే ఏమీ లేదు. మర్నాడు కత్తిసాము పోటీ కోసం తెచ్చుకున్న కత్తిని అక్కడ బిగిస్తే అది దానంతటదే ఊగింది. ఇంకొకరైతే పరుగందుకునేవారు. ఆయన కొలతలు తీశారు. కొత్తగా పెట్టిన ఫ్యాను నుంచి మన చెవికి వినపడని ధ్వని, సుమారు 19 హెర్ట్‌జ్‌లది, గదిలో నిలిచిపోతోందని తేల్చారు. ఫ్యాను సరిచేస్తే 'దెయ్యం' పోయింది! 1998లో ఆ వివరాలన్నీ ప్రచురించారు. అన్ని దెయ్యాలకూ ఫ్యానే కారణమని కాదు. భయం వేసిన చోటే ఆగి, కారణం ఏమిటని అడిగారు చూడండి, అదీ గొప్ప.

అలా అడిగితే ఊరికీ మేలే. పశ్చిమ బెంగాల్‌లో బేగున్‌కోదర్ రైల్వే స్టేషన్ దెయ్యం భయంతో 1967లో మూతపడింది. 2009 దాకా తెరుచుకోలేదు. 2017 డిసెంబరులో కొందరు హేతువాదులు ఓ రాత్రంతా అక్కడే గడిపారు. వాళ్లకు కనిపించింది దెయ్యం కాదు. పొదల చాటునుంచి శబ్దాలు చేసి బెదిరించాలని చూసిన మనుషులు!

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిచంపిన వార్తలు చదువుతూనే ఉన్నాం. కారణం అడగని భయం ఎంతకైనా తెగిస్తుంది.

కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో దెయ్యాల కొంప చూడ్డానికి వెళ్తామంటే ఎగిరిపడకండి. అలాగని సరేననీ అనకండి. పాడుబడ్డ ఇళ్లలో దెయ్యాల కన్నా పాములు, కూలే గోడలు, మూతలేని బావులు ఎక్కువ. యజమాని అనుమతి ఉందా, తోడుగా పెద్దవాళ్లు ఉన్నారా అని అడగండి. ఆపైన ఇంకో ప్రశ్న కూడా అడగండి... "ఎందుకు నాన్నా వెళ్లాలనుకుంటున్నావ్?" అని. సరదాకే అంటే సరే. ఒక్కోసారి మాత్రం ఆ జవాబులో, నిరుడు పోయిన తాతయ్య పేరు వినిపించవచ్చు. అప్పుడు టార్చిలైటు పక్కన పెట్టి, కాసేపు తాతయ్య గురించి మాట్లాడుకోండి.