టమాటా రవాణాలో డీజిలు లెక్క

మరపడవపై సముద్రంలోకి వెళ్ళే మత్స్యకారుడు తిరుగు ప్రయాణానికి డీజిలు చాలునో లేదో చూచుకొనిగాని తీరం విడువడు. టమాటాను మార్కెట్టుకు పంపే రైతుకు మనమిచ్చే సలహాలలో అటువంటి లెక్క అరుదు.

పుంగనూరు రైతుకు మదనపల్లె దగ్గర. కుప్పం రైతుకు మదనపల్లె కంటె కర్ణాటకలోని కోలారు దగ్గర. క్రేటు ధర కొంత ఎక్కువ పలికినంత మాత్రాన దూరపు మార్కెట్టు లాభసాటి కాజాలదు. ఖాళీగా తిరిగివచ్చే బండి కాల్చిన డీజిలు కూడా అమ్మిన సరుకు మీదనే పడుతుంది.

మనం ఎకరా దిగుబడిని శ్రద్ధగా నమోదు చేస్తాము; క్వింటాలుకు ఎన్ని లీటర్లు ఖర్చయినవో వ్రాయము. కొలవడం కష్టమేమీ కాదు. ట్యాంకు నిండుగా నింపి బయలుదేరి, తిరిగి వచ్చాక మళ్ళీ నింపితే పట్టినంతయే ఖర్చయిన ఇంధనం. 20 క్వింటాళ్ళతో పోయి వచ్చిన బండికి 16 లీటర్లు పట్టినదనుకొందాం: క్వింటాలుకు 0.8 లీటరు. అదే బండి 10 క్వింటాళ్ళతో పోయి 14 లీటర్లే కాల్చినా లెక్క 1.4 లీటర్లకు చేరుతుంది. బాడుగ బండి అయితే ఈ ఖర్చు బాడుగలో దాగి ఉంటుంది. అందుకే అది ఎవరి కంటికీ ఆనదు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థులు ఒక్క కోత కాలమైనా ఈ లెక్క వ్రాసి తెస్తే, ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒకే బండి నింపుకోవాలని చెప్పడానికి మన చేతిలో అంకెలుంటాయి.