ఇంటి మార్పులకు, ర్యాంపులకు మున్సిపల్ సాయం కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

మా వార్డులోని దివ్యాంగులు, వారి కుటుంబ సభ్యులు నమస్కరించి చేసుకునే విన్నపం.

అయ్యా,

మాకు సదరం సర్టిఫికెట్లున్నాయి. 2024 జూలై నుంచి పింఛను 6,000 రూపాయలైంది, సంతోషం. శిబిరాల్లో చక్రాల కుర్చీలూ ఇచ్చారు. అవి గడప దాటడం లేదు. కొన్ని బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తున్నాయి.

మా సందులో కుట్టుమిషను మీద బతికే ఒకావిడ ఉంది. పోలియోతో రెండు కాళ్లూ పోయాయి. బాత్రూం తలుపు రెండడుగులు, కుర్చీ వెడల్పు 26 అంగుళాలు. కుర్చీ బయట వదిలి, తడి గచ్చు మీద చేతులు ఆనించి జరుగుతూ లోపలికి వెళ్తుంది. పట్టుకోవడానికి గోడకు ఒక్క కడ్డీ లేదు. నిరుడు జారిపడి మణికట్టు విరిగింది, మిషను మూలపడింది. కొత్త ఇల్లు కట్టుకుంటామంటే పథకం ఉంది. ఉన్న ఇంటికి తలుపు వెడల్పు చేసుకుంటామంటే మాత్రం ఏ పద్దు కిందికీ రాదని సచివాలయంలో చెబుతున్నారు.

ర్యాంపు సంగతి ఇంకా చిత్రం. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాలే అంటున్నాయి. అడుగున్నర అరుగుకు 18 అడుగులు కావాలి. మా సందు వెడల్పే 12 అడుగులు. చేసేది లేక గోడవారగా, కాలువ మీదుగా కట్టుకుంటే ఆక్రమణ అని పగలగొట్టి పోయారు. అదే వీధిలో మోటారుసైకిళ్లు ఎక్కించుకునే వాలు గచ్చుల జోలికి ఎవరూ పోలేదు. బండి ఇంట్లోకి వెళ్లొచ్చు గానీ మనిషి వెళ్లకూడదా?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షను, పేదరిక నిర్మూలన, అభివృద్ధి పథకాల్లో మాకు 5 శాతం కేటాయించమంటోంది. మన మున్సిపాలిటీలో అది ఏ పద్దులో ఉందో చెప్పండి. ఇంగ్లండులో 1996 నాటి చట్టం కింద, ఆదాయం చూసి, ఇలాంటి మార్పులకు స్థానిక కౌన్సిలే 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఇస్తుంది. దరఖాస్తును ఆరు నెలల్లో తేల్చాలి కూడా. మేం అంత అడగడం లేదు.

ఈ బడ్జెట్లోనే ఇంటి మార్పులకు విడిగా ఒక పద్దు పెట్టండి. డబ్బు మా చేతికివ్వకపోయినా పర్వాలేదు, పని చేయించండి. ఇంజినీరు ఇంటికొచ్చి, కుర్చీ వాడే మనిషిని కూర్చోబెట్టి కొలతలు తీయాలి. లేకపోతే బస్టాండు మరుగుదొడ్డిలా అవుతుంది: బయట ర్యాంపు కట్టారు, తలుపు ముందు మెట్టు ఉంచేశారు. గోడవార ర్యాంపులను ఆక్రమణల జాబితాలోంచి తీసేయండి. పూడిక తీయడానికి అడ్డమనుకుంటే, ఎత్తి పక్కన పెట్టుకునే ఇనుప ర్యాంపులు ఇప్పించండి.

దరఖాస్తు ఎవరికివ్వాలో, ఎన్నాళ్లలో తేలుస్తారో రాతపూర్వకంగా తెలపగలరు. మీ గది మేడ మీద ఉంది గనుక ఈ కాగితం కింద ఇన్‌వార్డులో ఇస్తున్నాం. మాట్లాడాలనుకుంటే దయచేసి తమరే కిందికి రాగలరు.

ఇట్లు,
వార్డు దివ్యాంగులు, కుటుంబ సభ్యులు