తడిస్తే ఎప్పటికి ఆరుతుంది?

దసరా సెలవులకి వైజాగ్ అనుకోగానే వాట్సాప్ గ్రూపులో వచ్చే మొదటి ప్రశ్న రూమ్ గురించి కాదు. 'ఎవరెవరు ఏం డ్రెస్సులు తెస్తున్నారు?' అని. మా గ్రూపులో ఈసారి స్క్రీన్‌షాట్లు కూడా వచ్చేశాయి. నేల మీద జీరాడే తెల్ల మ్యాక్సీ, లేత గులాబీ కో-ఆర్డ్ సెట్, ఇంత వెడల్పు గడ్డి టోపీ. ఆ ఫొటోల్లో ఆకాశం ఒక్క మబ్బు తునక లేకుండా నీలంగా ఉంది. అక్టోబరులో మన సముద్రం అలా ఉంటుందని వీళ్ళకి ఎవరు చెప్పారో!

నైరుతి రుతుపవనాలు వెళ్ళిపోతూ, ఈశాన్యం అందుకునే సమయం అది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టేదీ అప్పుడే. హుద్‌హుద్ వైజాగ్‌ని తాకింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. అలాగని సెలవులు మానేసి హైదరాబాద్‌లో కూర్చోమని కాదు. చాలా ఏళ్ళు తుపానేమీ రాదు. పొద్దున కళ్ళు తెరవనివ్వని ఎండ, మూడింటికి కుండపోత, ఐదింటికి మళ్ళీ ఉక్క, రాత్రి బీచ్ రోడ్డు మీద చల్లటి గాలి, అంతే. అన్నీ ఒకే రోజులో.

కాబట్టి బ్యాగ్ సర్దేటప్పుడు 'ఎండకా, వానకా?' అని ఆలోచిస్తే తేలదు. నేను ప్రతి బట్టనీ ఒకే ప్రశ్న అడుగుతాను. తడిస్తే ఎప్పటికి ఆరుతుంది?

ఈ ప్రశ్నకి అన్నిటికన్నా ముందు ఫెయిలయ్యేది జీన్స్. జులైలో ముసురు పట్టిన రోజు నాది ఒకటి బకెట్లో ముంచి, చేత్తో పిండి, వంటింట్లో కూరలు తూచే కాటా మీద పెట్టా. పొడిగా 650 గ్రాములున్నది కిలోంబావు దాటింది. సాయంత్రం బాల్కనీలో ఆరేస్తే మర్నాడు మధ్యాహ్నానికి కూడా నడుము దగ్గర, జేబుల్లో చెమ్మ అలాగే ఉంది. అది హైదరాబాద్. వైజాగ్ గాలిలో అసలే నీళ్ళెక్కువ, బట్టలోని తడిని తీసుకోడానికి ఆ గాలికి ఖాళీ ఉండదు. మూడు రాత్రుల ట్రిప్‌లో రెండోరోజు తడిసిన జీన్స్ మీతో పాటు తడిగానే రైలెక్కుతుంది. ఒక్కటి కట్టుకుని వెళ్ళండి, రైల్లో ఏసీకి పనికొస్తుంది. రెండోది వద్దు.

అసలు మోసం మాత్రం జీన్స్‌ది కాదు, రేయాన్‌ది. షాపింగ్ యాప్‌లో 'బీచ్ డ్రెస్' అని కొడితే వచ్చే పల్చటి, జారుడు మ్యాక్సీల్లో చాలావాటి లేబుల్ మీద విస్కోస్ అనో రేయాన్ అనో ఉంటుంది. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది కదా అని కొనేస్తాం. కానీ మామూలు గాలిలో ఉన్నప్పుడే పాలియెస్టర్ పీల్చే తేమ దాని బరువులో అర శాతం కూడా ఉండదు. కాటన్ 7, 8 శాతం దాకా పీలుస్తుంది. రేయాన్ 11 నుంచి 13 శాతం. తడిస్తే బరువెక్కి కిందికి సాగుతుంది, పైగా తడి మీద దాని దారం బలం బాగా తగ్గిపోతుంది. అందుకే అల వచ్చి వెళ్ళాక అదే డ్రెస్ నాలుగు అంగుళాలు పొడుగైనట్టు కాళ్ళకి చుట్టుకుంటుంది. సాయంత్రం డిన్నర్‌కి వేసుకోండి, బాగుంటుంది. ఇసుకలోకి మాత్రం తేకండి.

ఇంతకీ పాలియెస్టరే గొప్పదా అంటే, అదీ కాదు. చెమట వాసన దాన్ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఉక్కలో రోజంతా అదే వేసుకు తిరిగితే పక్కన కూర్చున్నవాళ్ళకి మీరే ఒక వాతావరణ హెచ్చరిక. నా లెక్కలో దారం ఏదన్నది సగమే, మిగతా సగం బట్ట మందం. పల్చటి చేనేత కాటన్ కుర్తా ఫ్యాన్ కింద రాత్రికి రాత్రే ఆరుతుంది, మందపాటి కాటన్ హుడీ రెండ్రోజులు ఏడిపిస్తుంది. మంగళగిరి కాటన్ గానీ, వైజాగ్‌కి అంత దూరమేం కాని పొందూరు ఖద్దరు గానీ ఇలాంటి వాతావరణంలో పుట్టి పెరిగినవే. కాస్త ముడత పడుతుంది. పడనీండి, బీచ్‌లో ఇస్త్రీ మడతే వింతగా కనిపిస్తుంది. ఊళ్ళో తిరగడానికి, సింహాచలం వెళ్ళడానికి అలాంటివి రెండు. నీళ్ళలోకి వేరే జత. ఈ రెండూ కలపకపోతే సగం తలనొప్పి పోతుంది.

నీళ్ళలోకి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట నిలబడి చూడండి. మగపిల్లలు జీన్స్‌తోనే దూకేస్తుంటారు. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని చీలమండల దాకా నీళ్ళొస్తే చాలనుకుని వెనక్కి వస్తారు. మా అమ్మ వైజాగ్ నాలుగుసార్లు వచ్చింది. ఒక్కసారీ మోకాళ్ళు తడవలేదు. భయమనుకున్నాం ఇన్నాళ్ళూ. పోయినేడు అడిగితే చెప్పింది: 'తడిసిన చీరతో మళ్ళీ అంతమందిలో రూమ్ దాకా నడవాలి కదే!' అంటే అమ్మకి కావల్సింది ధైర్యం కాదన్నమాట. ముదురు నీలం రంగులో, మోకాళ్ళ కింద దాకా వచ్చే నైలాన్ కుర్తా, దానికింద నైలాన్ లెగ్గింగ్స్ కొన్నాం. రెండూ కలిపి మా ఇంట్లో ఒక మామూలు డ్రెస్ కన్నా తక్కువే అయ్యాయి. చున్నీ ఒడ్డున నా దగ్గరుంచి దిగింది. నడుము దాకా నీళ్ళలో, పక్కనెవరో తెలీని పిల్లల చెయ్యి పట్టుకుని, నలభై నిమిషాలు. రమ్మంటే రాదు!

రంగు సంగతి ఇక్కడే చెప్పేస్తా. తెలుపు, లేత గులాబీ, క్రీమ్ రంగులు తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది. చుట్టూ వంద ఫోన్ కెమెరాలుండే చోట అది చిన్న విషయం కాదు. బట్ట అంచు కొంచెం తడిపి అరచేతి మీద పరిచి చూడండి. చేతి గీతలు కనిపిస్తే దాన్ని సముద్రం దాకా తీసుకెళ్ళకండి. ముదురు రంగులు, దగ్గర దగ్గర ప్రింట్లు అయితే తడీ, చెమట మరకలూ రెండూ తెలీవు, ఫొటోల్లోనూ మబ్బు వెనక బాగా తేలతాయి. కొత్త కలంకారీ, అద్దకం బట్టలైతే తడిపిన తెల్ల కర్చీఫ్‌తో ఒకసారి రుద్ది చూడండి. రంగు దిగితే మీ ఫ్రెండ్ తెల్ల చొక్కా పక్కన బ్యాగ్‌లో పెట్టకండి, స్నేహాలు పోతాయి.

జీన్స్, చీర, పొడుగు చున్నీ నీళ్ళలో వద్దు అనేది స్టైల్ గురించి కూడా కాదు. అల వెనక్కి లాగేటప్పుడు తడిసిన బరువు బట్ట కాళ్ళకి అడ్డం పడుతుంది, లేవనివ్వదు. ఆర్కే బీచ్, యారాడ రెండూ చూడ్డానికి ఎంత అందమో లోపలికి లాగడంలో అంత మొండివి. దిగాలనిపిస్తే లైఫ్‌గార్డులున్న చోట, వాళ్ళ కళ్ళ ముందు దిగండి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన రుషికొండ నా ఓటు. ఎర్ర జెండా ఎగురుతుంటే ఎంత ఖరీదైన స్విమ్ వేర్ వేసుకున్నా ఒడ్డునే ఉండండి.

వానకి గొడుగు తీసుకెళ్తారా? బీచ్ రోడ్డు గాలికి అది ఒక్క నిమిషంలో తిరగబడి పువ్వవుతుంది. పాంచో కూడా బాగానే ఉంటుంది గానీ, స్కూటీ అద్దెకి తీసుకుని భీమిలి దాకా వెళ్ళే ఆలోచనుంటే వద్దు. గాలికి తెరచాపలా లేస్తుంది, చక్రంలో పడే ప్రమాదమూ ఉంది. టోపీ ఉన్న పల్చటి విండ్ చీటర్ ఒకటి చాలు. పిడికిలంత మడతపడేది దొరుకుతుంది. అదే అరకులోనూ పనికొస్తుంది. చాలామంది మర్చిపోతారు, వైజాగ్ ట్రిప్ అంటే సగం మంది ఒకరోజు అరకు కూడా కలుపుతారు. అది సుమారు 900 మీటర్ల ఎత్తు. కింద ఉక్కతో బయలుదేరినవాళ్ళు పైన వానలో దిగితే పళ్ళు టకటకలాడతాయి. దానికోసం స్వెటర్ మోయక్కర్లేదు. పొడుగు చేతుల పల్చటి టీషర్ట్, పైన విండ్ చీటర్, సరిపోతుంది. బొర్రా గుహల్లో నేల తడిగా జారుతుంటుంది కాబట్టి పట్టీలున్న రబ్బరు శాండల్స్ వేసుకోండి. షూ అయితే ఒకసారి తడిసిందంటే రెండ్రోజులు వాసనే. తప్పదనుకుంటే పాత పేపర్లు ఉండల్లా చేసి లోపల కుక్కి, గంట గంటకీ మారుస్తూ ఉండండి, కాస్త నయం.

తువ్వాలు విషయంలో మాత్రం పెద్దవాళ్ళే కరెక్ట్. మనం ఇంత లావు టర్కీ టవల్ మడిచి బ్యాగ్‌లో సగం నింపేస్తాం. తాతలు భుజాన వేసుకునే పల్చటి తుండుగుడ్డ ఒళ్ళు తుడుస్తుంది, ఎండకి తలపాగా అవుతుంది, అరగంట ఫ్యాన్ గాలికి ఆరిపోతుంది. అబ్బాయిలకి లుంగీ కూడా అంతే, బట్టలు మార్చుకునే గది నడుముకి కట్టుకుని తిరుగుతున్నట్టే. అమ్మాయిలకి అలాంటిది ఏముందా అని ఆలోచిస్తే నైటీ గుర్తొచ్చింది. నవ్వకండి. వదులుగా, తల మీంచి వేసుకుని లోపల్లోపలే తడి బట్టలు మార్చేసుకోవచ్చు. అదే నైటీకి కఫ్తాన్ అని పేరు పెట్టి రెండువేలకి అమ్ముతున్నారు.

ఆరబెట్టడం దగ్గర వైజాగ్‌లో నలభై ఏళ్ళుగా ఉన్న మా పెద్దమ్మ మాటే నా మాట. సముద్రంలోంచి వచ్చి బట్టలు నేరుగా తాడు మీద వేయబోతుంటే ఆపింది: 'ఏటే, ఉప్పు నీళ్ళతోనే ఆరేస్తావేటి? రేపటిదాకా ఉన్నా ఆరదు.' నిజమే. సముద్రపు ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుందే, అదే పని మీ టీషర్ట్‌లోనూ జరుగుతుంది. ముందు మంచినీళ్ళలో రెండుసార్లు జాడించండి. తర్వాత పిండి, పొడి తువ్వాల్లో చుట్టి, దాని మీద మోకాళ్ళతో గట్టిగా నొక్కండి. మిగిలిన తడిలో చాలా భాగం తువ్వాల్లోకి పోతుంది. ఆపైన ఏసీ ఉన్న గదిలో ఆరేయండి, బాల్కనీలో కాదు. ఏసీ గాలిని చల్లబరుస్తూ అందులో తేమని కూడా పిండేస్తుంది. ఏసీ డ్రెయిన్ పైపులోంచి కారే నీళ్ళు అవే. డ్రై మోడ్ ఉంటే ఇంకా మంచిది. మూడు మీటర్ల నైలాన్ తాడు, ఆరు క్లిప్పులు. హోటల్ వాళ్ళు ఇవ్వనివి ఇవే.

ఇక నా బ్యాగ్ ఇదీ, మూడు రాత్రులకి: పై బట్టలు నాలుగు, కిందవి రెండు, నీళ్ళ జత ఒకటి, విండ్ చీటర్, తుండుగుడ్డ, నైటీ, శాండల్స్. లోదుస్తులు మాత్రం రోజుకి రెండు చొప్పున, అక్కడ పొదుపు వద్దు. కింద బట్టలు నలుపు, నేవీ బ్లూ కాబట్టి పైది ఏదైనా కలుస్తుంది. ఎనిమిది కాంబినేషన్లు వస్తాయి. ప్రతి రీల్‌కీ కొత్త డ్రెస్ కావాలనే మా టీమ్ అమ్మాయికి ఇది నచ్చదు. జుంకాలు, ఒక కలంకారీ స్టోల్ మార్చి ఫొటోలు తీసి పంపిస్తే, 'ఇది కొత్తదా?' అని అడిగింది. నేనేం చెప్పలేదు.

బయలుదేరే ముందు రోజు మొదట వాతావరణ శాఖ జిల్లా హెచ్చరిక చూడండి. పసుపు రంగైతే ప్లాన్‌లో ఇంకో గంట వెసులుబాటు పెట్టుకోండి. ఆరెంజ్ దాటితే, ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరికలు ఎగరేశారంటే, మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దన్నారంటే ట్రిప్ వాయిదా వేయండి. సముద్రం మీద బతికేవాళ్ళే ఆగినప్పుడు మన రీల్స్‌కి అంత తొందరేం లేదు.

ఒక జత బట్టలు మాత్రం జిప్ కవర్లో గాలి తీసి, బ్యాగ్ అడుగున పెట్టి, ఏం జరిగినా తెరవకండి. అది తిరుగు రైలుకి. ఆఖరి సాయంత్రం ఎవరో ఒకరు 'ఒక్కసారి, చివరిసారి' అని అందర్నీ నీళ్ళలోకి లాగుతారు. లాగనీండి.