తిప్పడం ఎప్పుడు? ఎక్కుపెట్టడం ఎప్పుడు?

పాత కెమెరాలు చేతబట్టిన వాళ్లలో రెండు వర్గాలున్నాయి. ఫొటో తీసిన మరుక్షణం ఫిల్ము తిప్పెయ్యాలని ఒక వర్గం, తీయబోయే ముందే తిప్పాలని రెండో వర్గం. "ఇదీ ఒక చర్చేనా?" అని నవ్వేవాళ్లు మూడో వర్గం. నా పేచీ ఈ మూడో వర్గంతోనే.

మా అమ్మమ్మ పడుచుదనంలో దిగిన ఫొటో ఒక్కటే వుంది. అందులో ఆమె ముఖం మీదుగా కొబ్బరిచెట్టు నిలబడి వుంటుంది! తీసింది క్లిక్ త్రీ అనే డబ్బా కెమెరాతో. మీట నొక్కినప్పుడల్లా దాని షట్టరు పడుతుంది. "ఫిల్ము తిప్పావా నాయనా?" అని అది అడగదు. వెనక ఎర్రకిటికీలో అంకె చూసుకుంటూ మనమే తిప్పుకోవాలి. 120 రీలుకు వచ్చేవే 12 ఫొటోలు. ఒకదాని మీద ఇంకొకటి పడిందంటే రెండూ పోయినట్టే. కనుక ఇలాంటి కెమెరాలకు నేను మొదటి వర్గం మనిషిని. తీశావా, తిప్పెయ్. అంతే.

మడత కెమెరాల దగ్గర మాత్రం రెండో వర్గమే రైటు. తిత్తిని ఒక్క ఊపున లాగి తెరిస్తే అది గాలిని పీలుస్తుంది, గాలితోబాటు ఫిల్మూ ముందుకు ఉబ్బుతుంది. ఫోకసు చెడుతుంది. నిదానంగా తెరిచి, ఆ తర్వాత తిప్పితే ఫిల్ము బిగిసి చదునుగా వుంటుంది.

ఇక ఎక్కుపెట్టడం. రోలీకార్డ్, యాషికా-డి కెమెరాల్లో ఫిల్ము తిప్పడం వేరు, షట్టరు ఎక్కుపెట్టడం వేరు. ఫిల్ము ముందే తిప్పి వుంచుకోండి, కాదనను. షట్టరు మాత్రం తీసేముందే. విల్లును ఎక్కుపెట్టి ఎవరైనా చూరుకు తగిలిస్తారా? స్ప్రింగును బిగించి నెలల తరబడి బీరువాలో పెట్టడమూ అలాంటిదే.

అసలు ప్రమాదం స్పీడు మార్చడంలో వుంది. రష్యా వాళ్ల జోర్కీ-4 లో ఫిల్ము తిప్పితేనే షట్టరు ఎక్కుతుంది. ఎక్కాకే స్పీడు మార్చాలి. ముందే మారిస్తే లోపలి యంత్రం పాడవచ్చు. జర్మనీ వాళ్ల సింక్రో-కంపూర్ షట్టరుకు ఇది తలకిందులు. సెకనులో 500వ వంతు స్పీడు కావాలంటే ఎక్కుపెట్టక ముందే పెట్టుకోవాలి, తర్వాత బలవంతం చెయ్యకూడదు. ఒకదాని పద్ధతి రెండోదానికి వాడిన వాడు రిపేరు షాపు వెతుక్కోవాల్సిందే. ఆ షాపులు ఇప్పుడెన్ని మిగిలాయని?

నేనైతే నా జోర్కీ పట్టీకి "ముందు తిప్పు, తర్వాత స్పీడు" అని చీటీ రాసి కట్టాను. అరువు అడిగిన మిత్రులు దాన్ని పైకి చదివి వినిపిస్తేనే కెమెరా ఇస్తున్నాను.